కారునకు క్రొత్త కన్వర్టరు – ముందుగ తెలియవలసిన సంగతులు

బాగేపల్లిలో జరిగిన మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము



మేము వ్యాపారము చేయువారము. చింతపండును, వేరుసెనగను తూకము వేయుట మాకు తెలిసిన విద్య. చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ముగిసినది. అట్టి మేము మోటారుకారు లోపలి యంత్రభాగమొకదానిని గూర్చి ప్రసంగింప బూనుకొంటిమనిన కొందఱికి నవ్వు రావచ్చును. అయినను ఈ విషయమును మేము కోరి ఎన్నుకొనలేదు. అదియే మా యింటికి వచ్చి కూర్చున్నది. మా యింటికి వచ్చినది రేపు మీ యింటికిని రావచ్చునను తలంపుతో, ఈ నాలుగు మాటలు చెప్పుటకు అధ్యక్షులవారి అనుమతి కోరితిమి.

మా తమ్ముని కుమారుడు డిప్లొమా చదువుచున్నాడు. మా ఉమ్మడి కుటుంబమునకు ఆటోమేటిక్ కారు ఒకటి గలదు. పెట్రోలుతో నడచునది, ఎనిమిదేండ్ల నాటిది. మా తల్లిగారిని నెలకొకమాఱు బెంగుళూరు ఆసుపత్రికి తీసికొనిపోవుట, చింతామణి మార్కెట్టుకు పోయివచ్చుట, హిందూపురమునందలి బంధువుల యిండ్లకు శుభాశుభములకు పోవుట, వీని కన్నింటికిని అదియొక్కటే బండి. గత వేసవిలో ఈ పిల్లవాడు దుకాణమునకు వచ్చి, "పెద్దనాయనా, మన కారు కదిలేటప్పుడు మొద్దుగా ఉంది. అరవై దాటితే వణుకుతా ఉంది. పర్ఫార్మెన్స్ టార్క్ కన్వర్టరు తెప్పించి వేయిద్దాము" అన్నాడు. సరుకు వెల, సుంకము, అమర్చుకూలి కలిపి లక్ష రూపాయలకు పైబడునట.

మేము లెక్కపుస్తకమునుండి తల యెత్తకయే "కూడదు" అంటిమి. ఎందుకు కూడదని అడిగినాడు. మావద్ద సమాధానము లేదు. "నీకు చెప్పినా అర్థం కాదులే పెద్దనాయనా" అని వెడలిపోయినాడు.

ఆ మాట మమ్ము నొప్పించినది. రాత్రి పండుకొని ఆలోచింపగా, అందు అసత్యమేమియు లేదనియు తోచినది. సరుకును విప్పి చూడకయే ధర త్రోసివేయుట వర్తకునకు తగదు. కావున, ఒప్పుకొనినను కాదనినను, అది యేమియో తెలిసికొనిన తరువాతనే చెప్పవలయునని నిశ్చయించితిమి. మఱునాడు పిల్లవానిని పిలిచి, "మాకు అర్థమగునట్లు తెలుగులో చెప్పుము, మాకు అర్థమగు వఱకు చెప్పుము" అంటిమి. నాలుగు ఆదివారములు పట్టినది. ఆ నాలుగు ఆదివారములలో మేము నేర్చినదే నేడు మీకు విన్నవించుచున్నాము.

గేర్లు చేతితో మార్చు కారులో ఇంజనునకును గేరుపెట్టెకును నడుమ క్లచ్చు బిళ్ల యుండును. ఎడమకాలితో త్రొక్కిన సంబంధము తెగును, వదలిన కలియును. ఈ ఆటోమేటిక్ కారులో ఆ స్థానమునందు టార్క్ కన్వర్టరు ఉండును. అది గుమ్మడికాయ ఆకారము గల, నలువైపుల మూసిన ఇనుప డొల్ల. లోపల నూనె నిండియుండును. ఆ నూనెలో ఱెక్కలు గల చక్రములు మూడు గలవు. మొదటిది డొల్లతో కలిసి ఇంజనుతోపాటు తిరుగుచు నూనెను విసరును. దాని కెదురుగ నున్న రెండవ చక్రము, అనగా టర్బైను, ఆ నూనె తాకిడికి తిరిగి గేరుపెట్టెను త్రిప్పును. ఈ రెండింటికిని ఇనుపబంధము లేదు. నడుమ నున్నది నూనెయే. కనుకనే బండి నిలిచియున్నను ఇంజను ఆగదు.

మూడవ చక్రమునకు స్టేటరు అని పేరు. ఇది చిన్నదే, కాని కిటుకంతయు దీనియందే గలదు. చిత్రావతి ప్రక్కల సేద్యము చేయు మన రైతులకు దీనిని సులభముగ చెప్పవచ్చును. కాలువనీరు గట్టును తాకి వెనుకకు మరలినచో, వచ్చు నీటికే అడ్డుపడును. అచ్చట రైతు పార పెట్టి మడవ త్రిప్పిన, ఆ నీరే వలసిన వైపునకు వడిగ పాఱును. టర్బైనును తాకి మరలిన నూనె ఇంజను చక్రమునకు ఎదురు పోకుండ, దానికి తోడ్పడునట్లు త్రిప్పునదే స్టేటరు. ఈ తోడ్పాటువలన బండి కదలబోవు సమయమున ఇంజను త్రిప్పుబలము ఇంచుమించు రెట్టింపై గేరుపెట్టెకు చేరును. రెండు పెద్ద చక్రముల వేగములును దగ్గఱపడిన కొలది ఆ రెట్టింపు తగ్గి, తుదకు సమమగును. అప్పుడు స్టేటరు కూడ వానితోపాటు ఊరక తిరుగును.

దీనిని కనిపెట్టినవాడు జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫోటింగరు. 1905లో పేటెంటు పొందెను. ఆయన తలంపు కార్లను గూర్చి కాదు. ఓడల టర్బైనుల వేగమును నీటిలోని చక్రమునకు తగినట్లు మార్చుటకు దీనిని చేసెను. అమెరికాలో బ్యూయిక్ సంస్థ 1948లో డైనాఫ్లో అను పేర దీనిని ఇంటి కారులోనికి తెచ్చెను. నూనె నడుమ నుండుటవలన ఎప్పుడును కొంత జారుడు తప్పదు. ఆ జారుడే పెట్రోలు నష్టము. అందుకు విరుగుడుగ 1949లో ప్యాకార్డ్ సంస్థ, బండి పరుగందుకొనిన తరువాత రెండు చక్రములను ఒకటిగ బిగించు క్లచ్చును లోపలనే పెట్టెను. నేటి కార్లలో లాకప్ క్లచ్చు అని చెప్పునది అదియే. ఈ పేరును గుర్తుంచుకొనుడు. మా కథలో దీనికి పని గలదు.

ఇక పర్ఫార్మెన్స్ కన్వర్టరు అనగా నేమి? బండిని కదలనీయక బిగబట్టి యాక్సిలరేటరు పూర్తిగ త్రొక్కిన, ఇంజను కొంతవఱకు లేచి అంతకుమించి లేవలేక నిలుచును. ఆ వేగమునకు స్టాల్ వేగము అని పేరు. సాధారణమైన ఇంటి కార్లలో అది నిమిషమునకు రెండువేల చుట్లకు అటునిటుగ నుండును. పందెపు అవసరములకు చేసిన కన్వర్టరులో మూడువేలకు, అంతకు పైకిని పోవును. చక్రముల వ్యాసము తగ్గించియు, ఱెక్కల వాలు మార్చియు దీనిని సాధింతురు. ఇందలి ప్రయోజనమేమనిన, కొన్ని పెట్రోలు ఇంజనులకు తక్కువ చుట్లలో బలము చాలదు. మూడు నాలుగు వేల చుట్లకు గాని నిండు బలము రాదు. అట్టి ఇంజనును మొదటనే పైకి లేవనిచ్చిన, బండి బలము గల చోటునుండియే దూకును. పిల్లవాడు చెప్పినది ఈ సంగతియే. అది కల్ల కాదు.

అయితే ఏ బండికి అను ప్రశ్న మిగిలియున్నది. నేటి డీజిలు ఇంజనులు అనేకము 1,500 నుండి 2,000 చుట్లలోపలనే నిండు బలమును ఇచ్చును. వానికి స్టాల్ వేగము పెంచుట, చేతికందిన పండును వదలి నిచ్చెన వేసికొనుట వంటిది. అంతేగాక ఆటోమేటిక్ అని వ్రాసిన ప్రతి బండిలోను ఈ కన్వర్టరు ఉండదు. మనమందఱము ఎక్కి తిరిగిన అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. ఆ యేడే మారుతి వారి సెలేరియోతో మన దేశమునకు ఏ.ఎం.టి. పద్ధతి వచ్చినది. అందులో ఉన్నది పూర్వపు క్లచ్చు బిళ్లయే. త్రొక్కు పని మాత్రము మనకు బదులుగ యంత్రము చేయును. రెండు క్లచ్చులు గల డి.సి.టి. బండ్లలోను సాధారణముగ కన్వర్టరు లేదు. మన వారి యిండ్లలోని బండ్లలో ఏ.ఎం.టి.వి అనేకము. లేని భాగమును మార్చెదమను వానికి బయానా ఇచ్చి మోసపోకుడని హెచ్చరించుచున్నాము.

ఉన్న బండికి వేయించినను ఖర్చు వెలతో తీరదు. స్టాల్ వేగము పెరిగిన, మెల్లగ నడచునపుడు జారుడు పెరుగును. జారుడు పెరిగిన నూనె వేడెక్కును. గేరుపెట్టె నూనె 80 నుండి 95 డిగ్రీల నడుమ నున్నంతవఱకు సుఖముగ పనిచేయును. 120 దాటి నిలిచినచో అది చెడుట మొదలిడును. రబ్బరు సీళ్లు గట్టిపడును. లోపలి క్లచ్చులు మాడును. కావున ఇట్టి కన్వర్టరు వేయువారు నూనె చల్లార్చుటకు వేఱొక కూలరును తప్పక అమర్చవలయును. మన జీవనమును తలచుకొనుడు. 44వ నంబరు జాతీయ రహదారిమీద పరుగెత్తునపుడు లాకప్ క్లచ్చు బిగిసియుండును గనుక చిక్కు లేదు. కాని పేరేసంద్ర వద్ద సందడి, మన టోలుగేటు వద్ద వరుస, బెంగుళూరు చేరిన తరువాత గంటకొలది నిలిచి కదలుట, పండుగనాడు అయిదుగురిని ఎక్కించుకొని 1,478 మీటర్ల నంది కొండ మలుపులెక్కుట – మన బండికి నిత్యము జరుగునది ఇదియే. పందెపు కన్వర్టరునకు నచ్చనిదియు ఇదియే. పెట్రోలు ఖర్చు పెరుగుట సరేసరి.

మఱియొక సంగతి. నేటి కార్లలో గేరుపెట్టెకు ప్రత్యేకముగ ఒక కంప్యూటరు గలదు. ఎప్పుడు లాకప్ బిగింపవలయునో, ఎంత జారనీయవలయునో అది ముందే నేర్చియుండును. కన్వర్టరును మార్చి కంప్యూటరునకు తెలుపకున్న, అది క్రొత్తదానిని రోగముగ భావించి హెచ్చరిక దీపము వెలిగించును. దానికి మరల పాఠము చెప్పగలవాడు దొరకునా అని ముందే విచారింపవలయును.

ఇప్పుడు అమర్చు పనిని గూర్చి. ఇది మాకు చింతామణిలోని మా దగ్గఱి బంధువు అనుభవమువలన తెలిసినది. ఆయన తన కారునకు వాడిన కన్వర్టరునొకదానిని కొని, తెలిసినవాడని నమ్మి ఒక మెకానిక్కునకు పని అప్పగించెను. కన్వర్టరు మెడను గేరుపెట్టెలోనికి త్రోయునపుడు అది మూడు మెట్లుగ దిగవలయును. ఒక మెట్టులో స్టేటరు పళ్లు, ఒక మెట్టులో టర్బైను పళ్లు, మఱియొక మెట్టులో నూనె పంపు గాడి కలియును. త్రిప్పుచు మెల్లగ నొత్తిన ఒక్కొక్కటి టక్కున పడుట చేతికి తెలియును. ఆ దినము మూడవ మెట్టు పడలేదు. గేరుపెట్టెకును ఇంజనునకును నడుమ సందు మిగిలినది. చేతితో కలియవలసిన ఆ సందును బోల్టులు బిగించి లాగి కలిపిరి. కలిసినట్లే కనబడినది, లోపల నూనె పంపు పగిలినది. ఇంజను త్రిప్పగనే విసుఱురాయి త్రిప్పినట్లు ధ్వని వచ్చెను. ఇనుపరజను నూనెతో కలిసి గేరుపెట్టెయంతటను, కూలరులోనికిని పాకినది. చింతపండు కొనుగోళ్ల ముమ్మరములో ఆ బండి ఆఱు వారములు మూలబడెను. ఆయన భార్య చేతి గాజులు కుదువకు పోయినవి. కన్వర్టరు మంచిదే; మెకానిక్కు చెడ్డవాడు కాడు; ఒక్క వ్రేలెడు సందు వద్ద తొందరపడిరి, అంతియే.

ఈ వృత్తాంతము విని మా పిల్లవాడు మౌనము వహించెను. మేమును గెలిచితిమని సంతోషింపలేదు. ఏలయనిన అతని ప్రశ్న అట్లే యున్నది: బండి వణకుట నిజము గదా!

అప్పుడు అతడే ఒక పరీక్ష చేసి చూపినాడు. రాత్రివేళ, వెనుక బండి లేని సమయమున, చిక్కబళ్లాపురము దారిలో అరవై అయిదు కిలోమీటర్ల వేగమున సమముగ నడుపుచుండగ వణకు మొదలైనది. గతుకుల దారిమీద పోయినట్లున్నది. అంతట అతడు ఎడమపాదముతో బ్రేకును తాకీతాకనట్లు తాకెను. వేగము తగ్గలేదు, వణకు మాత్రము ఆగినది. పాదము తీసిన కొంతసేపటికి మరల వచ్చినది. బ్రేకు తాకగనే కంప్యూటరు లాకప్ క్లచ్చును వదలివేయును. వదలిన వణకు పోయినదనగా, వణకు ఆ క్లచ్చునందే పుట్టుచున్నదని అర్థము. తెలియనివారు ఈ పరీక్షకు పూనుకొనరాదు. తెలిసినవాని ప్రక్కన కూర్చుండి చూడవలయును.

ఇక కారణము. "ఈ నూనె ఎప్పుడు మార్చినారు?" అని పిల్లవాడు అడిగినాడు. ఎనిమిదేండ్లలో ఒక్కమాఱును మార్చలేదు. బండి కొన్ననాడు, "ఈ నూనె బండి యున్నంతకాలము ఉండును" అని ఎవరో చెప్పిన మాటను మేము వేదవాక్యముగ పట్టుకొంటిమి. గోదాములో సరుకును నెలకొకమాఱు తిరుగవేయు మేము, తల్లిగారు ఎక్కు బండి నూనెను ఎనిమిదేండ్లు చూడలేదు. దింపి చూడగ కాఫీ డికాషను వలె నల్లబడియున్నది. ఆ దినము తల వంచవలసినది మేమే, వంచితిమి.

నూనె మార్చుటయందును ఒక మర్మము గలదు. ఒక్కమాఱు దింపిన సగము కూడ రాదు. మిగిలినది కన్వర్టరులోను, సందులలోను నిలిచియుండును. కావున తయారీదారు చెప్పిన రకమే కొని, పోసి, కొన్నిదినములు నడిపి, మరల దింపి, ఇట్లు మూడుమార్లు చేయించితిమి. రెండవమాఱు వణకు తగ్గినది. మూడవమాఱు లేకపోయినది. కదలునపుడు మొద్దుతనము కూడ చాలవఱకు తీరినది. అడిగిన లక్షలో పదవవంతు కూడ కాలేదు. ఇంజను ఎత్తుల రబ్బరులు అరిగినవని పిల్లవాడు కనిపెట్టగా వానినికూడ మార్పించితిమి. నూనె మార్చినంతమాత్రమున ప్రతి బండి బాగగునని మేము చెప్పుట లేదు. క్లచ్చు పూర్తిగ అరిగినచో కన్వర్టరును మార్చియే తీరవలయును. అప్పుడుకూడ తయారీదారు కొలతల కన్వర్టరే ఇంటి బండికి తగినదని మా అభిప్రాయము.

ఇంత విన్న పిదపకూడ, మాకు వేఱొక బండి గలదు, ఇది మా సరదా అనువారు ఉండవచ్చును. వారిని మేము నిషేధింపజాలము. వారికి విన్నపములు కొన్ని. ఇంజను నిండు బలము ఎన్ని చుట్లకు వచ్చునో తెలిసికొని, దానికి తగిన స్టాల్ వేగమునే కోరుడు. పెద్ద సంఖ్య కదాయని కొనకుడు. అదనపు కూలరు లేకుండ పని మొదలిడకుడు. పాత కూలరు గొట్టములను కడిగించుడు. అమర్చుటకు ముందే కన్వర్టరులో ఒక లీటరు వఱకు నూనె పోయించుడు. లేకున్న పంపు తొలిచుట్లలో పొడిగ తిరుగును. గేరుపెట్టె ఇంజనునకు చేతితో కలియవలయును. కలియకున్న బోల్టు ముట్టనీయకుడు. కలిసిన తరువాత కన్వర్టరు తన యంతట కొంచెము తిరుగవలయును. ఇంజను పళ్లెమునకును దానికిని నడుమ కొలది మిల్లీమీటర్ల సందు ఉండవలయును. పిదప నూనె మట్టమును, తయారీదారు చెప్పిన వేడిమియందు, ఇంజను నడుచుచుండగనే చూడవలయును.

చట్టమునుకూడ మఱవరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దీనిని మరల స్పష్టపఱచినది. కన్వర్టరు ఆ పత్రమునందు వ్రాయు వివరము కాదు. అయినను ఆర్.టి.ఓ. కార్యాలయమునందు ముందుగ విచారించుటయు, భీమా సంస్థకు వ్రాసి జవాబు పొందుటయు వివేకము. ప్రమాదము జరిగిననాడు నోటిమాట పనికిరాదు, కాగితమే మాటలాడును.

సోదరులారా! మేము తరతరములుగ ఈ గడ్డమీద తెలుగు మాటలాడుచున్నవారము. బజారున కన్నడము, వర్క్‌షాపున ఉరుదూ, పుస్తకములో ఇంగ్లీషు, ఇంట తెలుగు – ఇది మన వాడుక. తప్పులేదు. కాని పిల్లలు నేర్చిన విద్య ఇంటి భాషలోనికి రానిచో, పెద్దలు తెలియక కాదందురు, పిల్లలు చెప్పలేక అలుగుదురు. నడుమ పోవునది ఇంటి డబ్బు, ఇంటి క్షేమము. మన కైవారము తాతయ్యగారు వేదాంతమునే పల్లెజనులకు తెలియునట్లు తెలుగునను, కన్నడమునను చెప్పిరి. మూడు చక్రములను, లీటరు నూనెను మనము చెప్పలేమా?

మా పిల్లవాడు ఆ నాలుగు ఆదివారముల పాఠమును పటములతోసహా తెలుగున వ్రాసి మా దుకాణమున ఉంచినాడు. ఎవరైనను వచ్చి చూడవచ్చును. తప్పులున్న దిద్దవచ్చును. మొన్న అమావాస్య మఱునాడు మా తల్లిగారిని ఆసుపత్రికి తీసికొనిపోయినది ఆ బండియే. తిరుగుదారిలో ఆమె వెనుకసీటున నిద్రపోయినది. ఆరు నెలలుగ ఆమె ఆ బండిలో నిద్రపోయి యెఱుగదు. "బండి మార్చినారా?" అని దిగునపుడు అడిగినది. "లేదమ్మా, నూనె మార్చినాము" అంటిమి.